వార్డులోకి పంపే ముందు మెడికల్ పిల్లల టీకాల సంగతి అడగండి

విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గార్లకు, జాతీయ వైద్య కమిషన్ పెద్దలకు నమస్కారం.

నేను ఒక బోధనాసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. ఆస్పత్రిలో ఎవరికైనా సూది గుచ్చుకుంటే ఆ వివరాలు రాసే రిజిస్టర్ నా బీరువాలో ఉంటుంది. పేరు, వయసు, ఏ వార్డు, ఎన్ని గంటలకు, ఏ సూది, ఆ పేషెంటు రిపోర్టులు ఏమిటి, ఇలా గళ్లు ఉంటాయి. అందులో ఒక గడి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి జబ్బు టీకాది. మూడు డోసులూ పడ్డాయా, పడితే రక్తంలో టైటర్, అంటే టీకాతో వచ్చిన రక్షణ కొలత, ఎంత వచ్చింది అని. ఎంబీబీఎస్ పిల్లల పేర్ల ఎదురుగా ఆ గడిలో నేను ఎక్కువసార్లు రాసిన మాట ‘గుర్తు లేదు’. ఆ మాట రాయాల్సిన అవసరం ఇక ఉండకూడదనే, కాలేజీలో చేరగానే పిల్లలకి టీకాలు వేయించమని అడుగుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట వానాకాలంలో ఒక రాత్రి రెండు గంటలకు నాకు ఫోన్ వచ్చింది. మా క్వార్టర్స్ ఆస్పత్రి వెనకే కాబట్టి పది నిమిషాల్లో క్యాజువాలిటీకి వెళ్లాను. ఒక హౌస్ సర్జన్ అమ్మాయి వాష్ బేసిన్ దగ్గర నిలబడి ఉంది. కుళాయి తిప్పి వదిలేసింది, నీళ్లు పోతూనే ఉన్నాయి. ఎడమచేతి చూపుడువేలిని కుడిచేత్తో గట్టిగా పిండుతోంది. పిండకూడదమ్మా, సబ్బు పెట్టి మామూలుగా కడుక్కో అని చెప్పి చేయి పట్టుకుంటే వణుకుతోంది. రక్తం తీశాక సూదికి మూత పెట్టబోయింది. మూత పక్కకి జారి సూది వేలిలో దిగింది. ఆ పేషెంటు కేస్‌షీట్ మీద ఎర్ర ఇంకుతో ‘హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్’ అని ఉంది, అంటే ఆ రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉన్నట్టు.

టీకా వేయించుకున్నావా అని అడిగాను. ఆ పిల్ల నా వంక చూసింది గానీ సమాధానం చెప్పలేదు. తర్వాత వాళ్లమ్మకి ఫోన్ చేసింది. స్పీకర్లో ఆ తల్లి గొంతు ఇప్పటికీ నాకు వినిపిస్తున్నట్టే ఉంటుంది. ‘ఏమైందే తల్లీ ఈ వేళప్పుడు? ఏఎన్ఎమ్మ గారు వేసినవన్నీ వేయించామే. కార్డు ఉండాలి, వెతుకుతానుండు. నువ్వు బాగానే ఉన్నావా?’

ఆవిడ తప్పేమీ లేదు. ఆ పిల్ల పుట్టినప్పుడు వాళ్ల సబ్‌సెంటర్‌లో హెపటైటిస్ బి టీకా లేదు. సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఆ టీకా 2002-03లో కొన్ని నగరాల్లో, కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలైంది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంతో కలిపి పది రాష్ట్రాలకు 2007-08లో వచ్చింది. దేశమంతటికీ చేరేసరికి 2011 దాటింది. అంటే ఇప్పుడు వార్డుల్లో తిరుగుతున్న హౌస్ సర్జన్లలో చాలామంది పుట్టిన నాటికి అది సర్కారు కార్డులో లేనే లేదు. ప్రైవేటు డాక్టరు దగ్గర డబ్బులు పెట్టి వేయించినవాళ్లకే పడింది. ఈ మధ్య చేరుతున్న పిల్లల్లో కొందరికి మూడు డోసులూ, కొందరికి ఒకటో రెండో పడి ఉంటాయి. మిగతా వాళ్ల కార్డులు ఇల్లు మారినప్పుడో, గోదారికి వరదొచ్చినప్పుడో పోయి ఉంటాయి.

మర్నాడు మధ్యాహ్నం ఆ తండ్రి కార్డు పట్టుకుని బస్సులో వచ్చాడు. రేషన్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో దాచిన పసుపు అట్ట. మడతల దగ్గర చిరిగితే టేపు అతికించారు. బీసీజీ, డీపీటీ, పోలియో, తట్టు టీకా తేదీలన్నీ ఆ ఏఎన్ఎం గుండ్రటి అక్షరాల్లో వరసగా ఉన్నాయి. హెపటైటిస్ బి అనే గడే ఆ అట్ట మీద లేదు. ఆయన దాన్ని రెండు చేతులతో నా ముందు పెట్టి, ‘అన్నీ ఉన్నాయి కదమ్మా’ అన్నాడు.

అప్పటికి మేం వెతుకుతున్నది హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే ఆ వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్ కోసం. టీకా లేని మనిషికి అది వీలైనంత త్వరగా, కుదిరితే 24 గంటల్లోపే పడాలి. ఆ రాత్రి మా ఫార్మసీలో స్టాకు లేదు. ఊళ్లో మందుల షాపులన్నిటికీ ఫోన్లు చేశాం. వేల రూపాయల ఇంజెక్షన్ కావడంతో ఎవరూ నిల్వ పెట్టరు. చివరికి పక్క జిల్లా డిస్ట్రిబ్యూటర్ దగ్గర దొరికింది. డబ్బులు బ్యాచ్‌మేట్లు తలా కొంత ఫోన్‌పేలో వేశారు. సాయంత్రానికి ఇంజెక్షన్ చేసి, ఇంకో చేతికి టీకా మొదటి డోసు వేశాం. నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. ఇంటర్న్‌షిప్ చేస్తూ నీట్ పీజీకి చదువుకోవాల్సిన ఆ ఆరు నెలలూ ఆ పిల్ల ప్రతి రక్తపరీక్ష రిపోర్టు కోసం నా గది బయట కూర్చునేది. చివరికి నెగెటివ్ వచ్చింది. నా గదిలోనే ఏడ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయాను.

నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకునేది ఏమిటంటే, ఆ మూడు డోసులూ ఆ అమ్మాయి కాలేజీలో అడుగుపెట్టిన మొదటి నెలలోనే మొదలై ఉండాల్సినవి. నాలుగున్నరేళ్లలో టీకా వేయించుకున్నావా అని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. మొదటిసారి అడిగింది నేను, అదీ రాత్రి రెండు గంటలకి, సూది దిగాక.

సూది గుచ్చుకుంటే పిల్లలందరికీ ముందు హెచ్‌ఐవీయే గుర్తొస్తుంది. పరుగెత్తుకుంటూ వచ్చి అదే అడుగుతారు. నిజానికి హెచ్‌ఐవీ ఉన్న రక్తపు సూది ఒకసారి గుచ్చుకుంటే సోకే అవకాశం దాదాపు 0.3 శాతం. పైగా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయి. హెపటైటిస్ బి అయితే, టీకా లేని మనిషికి ఆ అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ వారం రోజులు బతుకుతుంది. ఇంత సులువుగా అంటుకునే జబ్బుకి ఇంత చక్కగా పనిచేసే టీకా ఉండటం మన అదృష్టం. దాన్ని మన పిల్లల చేతికి అందించకపోవడమే నాకు అర్థం కాని విషయం.

ఇంకో అబ్బాయి సంగతి చెబుతాను. వాళ్లింట్లో పెద్దవాళ్లు నర్సులు కావడంతో ఫస్టియర్లోనే మూడు డోసులు వేయించుకుని, తర్వాత టైటర్ చేయించుకుని ఆ కాగితం ఫోటో ఫోన్లో పెట్టుకున్నాడు. అతనికీ ఒకసారి సూది గుచ్చుకుంది, పేషెంటు హెపటైటిస్ బి పాజిటివే. ఫోన్ తీసి చూపించాడు. టైటర్ పది దాటితే చాలు, అతనికి వందల్లో ఉంది. హెపటైటిస్ బి విషయంలో ఇంజెక్షన్ అక్కర్లేదు, ఆరు నెలల ఎదురుచూపు అక్కర్లేదు. మిగతా పరీక్షలకి రక్తం ఇచ్చి, చేయి కడుక్కుని మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇద్దరూ ఒకే ఆస్పత్రిలో, ఒకే పని చేస్తున్నవాళ్లు.

అడ్మిషన్ రోజున పిల్లల దగ్గర ఎన్ని కాగితాలు తీసుకుంటారో మీకు తెలుసు. నీట్ ర్యాంకు కార్డు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులధ్రువీకరణ, ర్యాగింగ్ చేయనని అఫిడవిట్. నేను చూసిన కాలేజీల్లో ఫిజికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. అది ఎత్తు, బరువు, చూపు రాసి ఒక డాక్టరు సంతకం పెట్టే అరపేజీ కాగితం. దాని పక్కన టీకాల కాగితం ఎందుకు లేదు?

వేసవిలో మా ఫైనలియర్ పిల్లలు కొందరు అమెరికాలో ఎలెక్టివ్‌కి, అంటే అక్కడి ఆస్పత్రుల్లో కొద్ది వారాల శిక్షణకి, అప్లై చేస్తారు. అప్పుడు ఒక ఫారం పట్టుకుని నా దగ్గరికొస్తారు. అక్కడి వైద్య కళాశాలల సంఘం ఏఏఎంసీ తయారుచేసిన ఫారం అది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా రెండు డోసుల తేదీలు కావాలి, లేదా రక్తంలో రక్షణ ఉన్నట్టు రిపోర్టు కావాలి. ఆటలమ్మకి అంతే. హెపటైటిస్ బికి మూడు డోసులతో పాటు టైటర్ అంకె. పదేళ్లలోపు వేసిన ధనుర్వాతం, కోరింత దగ్గు టీకా. టీబీ పరీక్ష. ఇవన్నీ లేకపోతే అక్కడ పేషెంటు మంచం దగ్గరికి రానివ్వరు. పిల్లలు నాలుగు వారాల కోసం టెన్షన్ పడుతూ ల్యాబుల చుట్టూ తిరిగి వేలు ఖర్చు పెడతారు. కొందరికి టైటర్ సున్నా వస్తుంది. మూడేళ్లుగా మన పేషెంట్ల దగ్గర రక్తం తీస్తూ, కుట్లు వేస్తుంటే చూస్తూ తిరిగిన పిల్లలు వీళ్లు. అమెరికా పేషెంటు కోసం అడిగిన ప్రశ్న మన పేషెంటు కోసం, మన బిడ్డ కోసం ఎందుకు అడగలేదని ఆ ఫారం మీద సంతకం పెట్టిన ప్రతిసారీ బాధపడతాను.

మీరు పాఠం పెట్టలేదని నేను అనడం లేదు. 2019లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చినప్పటి నుంచి ఫస్టియర్ మొదట్లో ఫౌండేషన్ కోర్సు ఉంది. అందులో ప్రథమ చికిత్సతో పాటు సూది జాగ్రత్తలు, వైద్య వ్యర్థాలు, ఆరోగ్య సిబ్బందికి కావలసిన టీకాల గురించి కూడా చెబుతారు. ఆ క్లాసుకి నన్నూ పిలుస్తారు. నేను ఎర్ర సంచి, పసుపు సంచి, తెల్ల డబ్బా చూపించి, టీకా మూడు డోసులు ఉండాలి పిల్లలూ అని చెప్పి వస్తాను. పిల్లలు నోట్సు రాసుకుంటారు. అదే రోజు, అదే హాల్లో వెనక ఒక బల్ల, ఒక వ్యాక్సిన్ క్యారియర్, ఇద్దరు నర్సులు ఉంటే సాయంత్రానికి బ్యాచ్ మొత్తానికి మొదటి డోసు అయిపోతుంది. పాఠం చెప్పి టీకా వేయకపోవడం ఆకలి గురించి చెప్పి అన్నం పెట్టకపోవడం లాంటిది.

లెక్క కూడా చక్కగా సరిపోతుంది. ఫస్టియర్ పన్నెండు నెలలు. పిల్లలు ఎక్కువగా అనాటమీ హాల్లో, ల్యాబుల్లో ఉంటారు. వార్డు పోస్టింగులు అసలుగా మొదలయ్యేది సెకండియర్లో. టీకాకి కావలసింది సున్నా, ఒకటి, ఆరు నెలలు. మూడో డోసు తర్వాత నెలా రెండు నెలలకి టైటర్. అంతా కలిపి ఎనిమిది నెలలు. టైటర్ పది కంటే తక్కువ వచ్చినవాళ్లకి, పెద్దవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మంది దాకా అలా ఉంటారు, ఇంకోసారి వరస మొదలుపెట్టడానికి కూడా టైం మిగులుతుంది. చిన్నప్పుడు పడినవాళ్లకి మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు, ఒక బూస్టర్ వేసి టైటర్ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మధ్యలో ఆపేసినవాళ్లు ఆపిన దగ్గర్నుంచి కొనసాగించొచ్చు.

సర్టిఫికెట్ తెమ్మని మాత్రం వదిలేయకండి. అడ్మిషన్ టైంలో హడావిడిగా ఏదో క్లినిక్‌లో ముద్ర వేయించుకుని తెచ్చేస్తారు. అది పిల్లలని తప్పుపట్టాల్సిన విషయం కాదు, గడువు అలా ఉంటుంది. ఫీజు కట్టి, హాస్టల్ సామాను కొనుక్కునే ఆ వారంలో టీకా కోసం ఊరంతా తిరిగే ఓపిక ఏ తల్లిదండ్రులకి ఉంటుంది? టీకా కాలేజీయే వేయాలి, ఉచితంగా వేయాలి. ప్రైవేటు కాలేజీల్లో ఇది ఫీజు రసీదులో ఇంకో లైను కాకూడదు.

ఖర్చు పెద్దదేమీ కాదు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలోనే ఆరోగ్య సిబ్బందికి ఈ టీకా ఇచ్చే ఏర్పాటు ఉంది. వార్డులో అడుగుపెట్టే విద్యార్థులందరినీ ఆ జాబితాలో చేర్చి, కాలేజీల నుంచి ఎన్ని టీకాలు కావాలో ఇండెంటు పంపే బాధ్యత ఒకరికి అప్పగిస్తే చాలు. మనకి ఇంకో సంగతి ఉంది. జన్యు ఇంజినీరింగ్‌తో మన దేశంలో తయారైన మొట్టమొదటి హెపటైటిస్ బి టీకా మన హైదరాబాద్‌లోనే పుట్టింది. వరప్రసాద్ రెడ్డి గారు తన తల్లి పేరు మీద పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని తెచ్చింది. విదేశీ టీకా వందల రూపాయలు పలికి సామాన్యుడికి అందని రోజులవి, ఆ ధరని కిందికి దించింది మనవాళ్లే. ఆ ఊళ్లో, ఆ రాష్ట్రాల్లో చదివే డాక్టరు పిల్లలకి ఆ టీకా పడలేదంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

చేయలేకపోవడం అనేది కూడా లేదు. 2021 జనవరి 16న కొవిడ్ టీకాలు మొదలైనప్పుడు వరసలో ముందు నిలబెట్టింది ఆరోగ్య సిబ్బందినే. మా మెడికల్ పిల్లలకీ అప్పుడే పడ్డాయి. పేరు పేరునా కంప్యూటర్లో ఎక్కించి, రెండో డోసు తేదీ ఫోన్‌కి మెసేజ్ పంపి, రాకపోతే వార్డు నుంచి పిలిపించి వేశాం.

మిగతా టీకాలు త్వరగా చెబుతాను. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల బళ్లలో తట్టు, రుబెల్లా టీకా వేశారు. ఇప్పుడు చేరుతున్న పిల్లలు అప్పుడు నాలుగో ఐదో క్లాసు, చాలామందికి పడే ఉంటుంది. పడనివాళ్లకి వేయాలి, ఎందుకంటే రుబెల్లా గర్భిణుల వార్డుకి మోసుకెళ్తే కడుపులో బిడ్డకి హాని చేసే జబ్బు. ఆటలమ్మ టీకా సర్కారు కార్యక్రమంలో లేదు. ఎండలు మొదలయ్యే రోజుల్లో హాస్టల్లో ఒకరికి పోస్తే గదులు గదులు పడుకుంటాయి, ఆ ముందు రోజు వాళ్లు పసిపిల్లల వార్డులోనో కేన్సర్ వార్డులోనో తిరిగి ఉంటారు. పోయని పిల్లలకి రెండు డోసులు వేస్తే అది ఆగుతుంది.

టీబీ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నలుగురిలో ఒకరు మన దేశంలోనే ఉన్నారు. చిన్నప్పటి బీసీజీ పసిపిల్లలకి వచ్చే తీవ్రమైన టీబీని ఆపుతుంది గానీ పెద్దయ్యాక ఊపిరితిత్తుల టీబీ నుంచి అంతగా కాపాడదు. మన దగ్గర చర్మం మీద చేసే మాంటూ పరీక్ష ఆరోగ్యవంతుల్లోనూ పాజిటివ్ వస్తుంది కాబట్టి దాని మీదే ఆధారపడలేం. చేరేటప్పుడు ఒక ఎక్స్‌రే, ఏటా లక్షణాల గురించి అడిగే అలవాటు, మెడిసిన్ వార్డులో ఎన్95 మాస్కు. వీటన్నిటికంటే ముఖ్యం హాజరు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. ఆ భయంతో మూడు వారాల దగ్గుని దాచుకుని, జ్వరానికి డోలో వేసుకుని పోస్టింగుకి వచ్చిన పిల్లల్ని నేను చూశాను. ఒకమ్మాయి తగ్గిపోయిన బరువుని స్వెట్టర్ కింద దాచింది. ఆస్పత్రిలో అంటుకున్న జబ్బుకి తీసుకునే సెలవుని గైర్హాజరుగా లెక్కించబోమని మీరు ఒక్క సర్క్యులర్ ఇస్తే ఎంతమంది ముందే వచ్చి కఫం పరీక్ష చేయించుకుంటారో.

ఇక నాకు భయం కలిగించే మాట కూడా చెప్పాలి. మీరు రేపు నిబంధన పెడితే దాన్ని పిల్లల్ని వడపోయడానికి వాడే ప్రమాదం ఉంది. దేశంలో దాదాపు మూడు కోట్ల మందికి దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉందని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. టీకాకి ముందు పరీక్ష చేస్తే ఏదో ఒక బ్యాచ్‌లో ఒకరిద్దరికి పాజిటివ్ వస్తుంది. అది తల్లి కడుపులోంచి వచ్చినప్పుడు సోకిందే కావచ్చు. ఆ బిడ్డ చేసిన పాపమేమీ లేదు. సీటు పోకూడదు, హాస్టల్లో గది మారకూడదు, కంచం వేరు పెట్టకూడదు. మందులు ఉచితంగా ఇచ్చే కార్యక్రమం ఉంది, వైరస్ అదుపులో ఉంటే డాక్టరుగా హాయిగా పనిచేయొచ్చు. రిపోర్టు ఆ విద్యార్థికీ, కాలేజీ నియమించిన ఒక్క డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియకూడదు. నేను ఒకచోట పరీక్షల ఫలితాల జాబితా నోటీసు బోర్డు మీద అంటించి ఉండటం చూశాను. చించి జేబులో పెట్టుకున్నాను. హెచ్‌ఐవీ పరీక్షనైతే చదువుకి షరతుగా పెట్టకూడదని 2017 నాటి చట్టమే చెబుతోంది, దాన్ని ఈ జాబితాలోకి రానివ్వకండి.

నర్సింగ్ విద్యార్థినుల్ని, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లల్ని, డెంటల్ వాళ్లని మర్చిపోవద్దు. జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్‌లో చదివి ఇంటర్న్‌షిప్‌కి మన ఆస్పత్రులకి వచ్చేవాళ్లనీ చేర్చండి. బీఎస్సీ నర్సింగ్ పిల్ల ఎంబీబీఎస్ పిల్ల కంటే ముందే సూది పట్టుకుంటుంది.

ఈ రెండు మూడేళ్లలో మన దగ్గర కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు చాలా వచ్చాయి. 2023లో ఒక్క ఆంధ్రలోనే విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ఐదు మొదలయ్యాయి, తెలంగాణలో ఏటా వరసగా తెరిచారు. పాత కాలేజీల్లో అలవాటు మార్చడం కష్టం గానీ కొత్త చోట మొదటి నుంచే ఒక చిన్న గది, ఒక ఫ్రిజ్, ఒక రిజిస్టర్, జవాబుదారీగా ఒక మనిషి ఉండేలా చూడటం కష్టమేమీ కాదు. ఆ ఫ్రిజ్‌లో రెండు ఇమ్యునోగ్లోబ్యులిన్ వయల్స్ ఎప్పుడూ ఉండేలా కూడా రాయండి. రాత్రి రెండు గంటలకి బ్యాచ్‌మేట్లు చందాలు వేసుకునే పరిస్థితి ఇంకో బిడ్డకి రాకూడదు.

వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ ఇంకా అచ్చుకాలేదు. అందులో ‘మీ చిన్నప్పటి టీకా కార్డు ఉంటే తీసుకురండి, లేకపోయినా ఫర్వాలేదు, టీకాలు కాలేజీలో వేస్తాం’ అనే ఒక్క వాక్యం చేర్చండి. ఫౌండేషన్ కోర్సులో నా క్లాసు ఎప్పుడో చెబితే ఆ రోజు ఐస్‌ప్యాకులతో సహా క్యారియర్ నేనే పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు